కొసరు నీళ్ళు

మార్చి నెల రెండో మంగళవారం, ఉదయం ఐదు గంటల యాభై రెండు నిమిషాలకి మా కుళాయి ధార సన్నబడింది. అంతవరకూ బొటనవేలంత లావున పడుతున్న నీళ్ళు ముందు చిటికెనవేలంత, తరవాత దారమంత అయి, గొరగొరమని ఆగిపోయాయి. ఏమైందోనని కుళాయి మూతికి వేలు ఆనించాను. కుళాయి నా వేలిని లోపలికి పీల్చుకుంది.

నీళ్ళివ్వవలసిన కుళాయి మనిషి వేలిని పీల్చడం నా అరవై తొమ్మిదేళ్ళ వయసులో అదే మొదటిసారి. ఇది జరిగి నాలుగేళ్ళు. ఆ పీల్పు వెనకనున్న మనిషి ఈమధ్య పోయాడు. పెద్దకర్మ నాడు మా సందు మొగలో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆయన గరిట పట్టుకుని, ఎవరికో నీళ్ళు పోస్తూ, నవ్వుతున్నాడు. కింద 'దాహం తీర్చిన దాత' అని రాయించారు. అక్షరాలు తప్పుల్లేకుండా ఉన్నాయి.

చనిపోయినవాళ్ళని అనకూడదంటారు. ముప్పై నాలుగేళ్ళు మునిసిపల్ బడిలో లెక్కలు చెప్పాను. తప్పు లెక్క వేసినవాడు బడికి రాలేదని ఆ లెక్క ఒప్పయిపోదు.

ఆయనకు పెద్దబజార్లో బట్టల కొట్టుండేది. నాకంటే పదేళ్ళు చిన్న. బట్ట కొలిచేటప్పుడు మీటరు కర్ర మీద గుడ్డని బొటనవేలితో గట్టిగా లాగి పట్టేవాడు. లాగి, కొలిచి, గుర్తుపెట్టి, కత్తెర ఆనించబోతూ ఆగి మన కళ్ళలోకి చూసేవాడు. కత్తెరని రెండు వేళ్ళు అవతలికి జరిపి, "కొసరు టీచరమ్మా, మీకు కాబట్టి" అనేవాడు. కొన్నవాళ్ళు ఆ రెండు వేళ్ళనీ తలచుకుంటూ ఇంటికి వెళ్ళేవాళ్ళు. నేనొకసారి ఎనభై సెంటీమీటర్ల జాకెట్టు ముక్క తీసుకున్నాను. ఇంటికొచ్చి టేపు పెట్టి కొలిస్తే, కొసరుతో కలిపి డెబ్బై ఏడుంది.

అప్పుడు నవ్వుకుని ఊరుకున్నాను. మూడు సెంటీమీటర్లే కదా అనుకున్నాను. ఆ అలవాటు కొట్టు దాటి ఇంటికి వస్తుందని ఊహించలేదు.

శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డుకి మా సందు నుంచి నా నడకలో పదకొండు నిమిషాలు. ఏరు అంత దగ్గరున్నా మాకు నీళ్ళు రోజుకి ఒక్క గంటే, పొద్దున్న ఐదూ నలభై నుంచి ఆరూ నలభై వరకు. సందులో ఎనిమిది ఇళ్ళు. పెద్దరోడ్డు గొట్టం నుంచి చీలిన చిన్న గొట్టం ముందు ఆయన ఇంటికి, అలా వరసగా వచ్చి ఏడోదైన మా ఇంటికి, చివర నర్సమ్మ ఇంటికి వెళుతుంది. ఎవరు పెట్టారో తెలియదు కానీ మా సందుకి ఒక కట్టు ఉండేది. ఇంటికి పద్నాలుగు బిందెలు, అవి నిండగానే కుళాయి కట్టెయ్యాలి. పైవాళ్ళకి ముందు నిండుతాయి కనక పైవాళ్ళు ముందు కడతారు, కిందవాళ్ళకి ధార పెరుగుతుంది. కాగితం లేదు, సంతకాలు లేవు. ఒకరింటి పెరుగు తోడు ఇంకొకరింటి పాలల్లో పడే సందు మాది. ఆ కట్టు నేను అక్కడ కాపురానికొచ్చిన నాటినుంచీ నడిచింది.

నర్సమ్మది అద్దె ఇల్లు. బస్సుల కాంప్లెక్సు దగ్గర తోపుడుబండి మీద ఇడ్లీలు వేసేది. ఏడింటికల్లా బండి అక్కడుండాలి, అంటే ఆరున్నరకి ఆమెకి కనీసం ఆరు బిందెల నీళ్ళుండాలి. ఆవిరికి, చట్నీకి, పళ్ళాలు కడగడానికి. ఆ బండి మీదే ఆమె, ఆమె అత్త బతకాలి. సందులో తక్కినవాళ్ళకి నీళ్ళు తగ్గితే ఇబ్బంది. నర్సమ్మకి తగ్గితే ఆ రోజు కూడు తగ్గుతుంది. ఇది అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన రోజూ ఆమె ఇడ్లీలే తినేవాడు.

ఆ మంగళవారం వేలు వెనక్కి లాక్కుని సందులో పైకి నడిచాను. ఆయన ఇంట్లోంచి దేవుడి పాటలు పెద్దగా వినిపించాయి. అంతకుముందు ఎప్పుడూ వినలేదు. గేటు పక్కన గోనెసంచుల గుట్ట ఒకటి వణుకుతోంది.

"ఏటది, మోటారా?" అన్నాను.

"మోటారేటి టీచరమ్మా, సిన్నది. అర హెచ్పీ. మేడ మీద టాంకీకి ఎక్కాల గదా."

"కింద మాకు ఆగిపోయింది."

"అయ్యయ్యో. ఓ బిందె తీస్కెల్లండి మరి. నీల్లకేటి, మన యింట్లోన బోల్డున్నాయి."

"నాకు నీ బిందె అక్కర్లేదు. మోటారు ఆపు."

ఆయన నవ్వాడు. ఆయన నవ్వు మంచి నవ్వు, అది ఒప్పుకోవాలి. "అందరూ మానేస్తే ముందు నేనే మానేస్తాను టీచరమ్మా."

"వేసింది నువ్వొక్కడివే. అందరూ అంటే నువ్వే."

"లెక్కల టీచరు కదా, మీతోటి గెలవలేం" అని బిందె తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను తీసుకున్నాను. ఇంట్లో కాఫీకి కూడా నీళ్ళు లేవు.

ఆ రోజు నుంచి పొద్దున్న గంటసేపు ఆయన ఇంట్లో దేవుడి పాటలు మోగేవి, సరిగ్గా ఐదూ నలభైకి మొదలై ఆరూ నలభైకి ఆగేవి. సందులో కొందరు ఆయనకు భక్తి కుదిరిందనుకున్నారు.

ఏప్రిల్లో ఇంటి ముందు తాటాకుల పందిరి వేసి చలివేంద్రం పెట్టాడు. అమ్మ జ్ఞాపకార్థం. ఎనిమిది కుండలకి తడిగుడ్డలు చుట్టి, వట్టివేళ్ళు వేసి, కొట్టుకి వెళ్ళేముందు గంటసేపు తనే నిలబడి పోసేవాడు. కుడిచేత్తో గరిట, ఎడంచెయ్యి కుడి మోచేతికింద. గుళ్ళో తీర్థమిచ్చేవాడికి కూడా అంత వినయం ఉండదు. తాగినవాడు మూతి తుడుచుకునేలోపు, "సల్లగున్నాయా?" అని అడిగేవాడు. చల్లగా ఉన్నాయని చెప్పించుకోకుండా ఎవరినీ వదిలేవాడు కాదు. రిక్షావాడు చెప్పాలి, కూరగాయలావిడ చెప్పాలి, బడిపిల్లలు చెప్పాలి.

ఏడున్నరకి నర్సమ్మ రెండు బిందెలతో వచ్చేది. అప్పటికి బండి ఎప్పుడో కాంప్లెక్సు దగ్గర ఉండవలసిన వేళ. ఆయన రెండూ నింపి, దారిన పోయేవాళ్ళకి వినబడేలా, "తీస్కెల్లే నర్సమ్మా, ఇడ్లీ బండికి కూడా మన నీల్లే" అనేవాడు.

"పున్యాత్ముడివి బావూ" అనేది నర్సమ్మ.

ఒకరోజు ఆమెని ఆపి అడిగాను, ఆ నీళ్ళు ఎవరివో తెలుసా అని.

"తెల్దేటమ్మా. నా కులాయిలో పడాల్సినియ్యే. కానీ దండం ఎట్టకపోతే రేపు ఆ రెండూ ఇవ్వడు గదా."

ఆ రాత్రే లెక్క రాశాను. దిగువ నాలుగిళ్ళకి మునుపు యాభై ఆరు బిందెలు పడేవి. మోటారు వచ్చాక పన్నెండు. పోయినవి నలభై నాలుగు. ఎనిమిది కుండలకి పన్నెండు బిందెలు, నర్సమ్మకి రెండు, వెరసి పద్నాలుగు తిరిగి ఇచ్చాడు. ముప్పై ఆయన టాంకీలో ఉన్నాయి. గుడ్డ లాగి కొలవడం, కత్తెర రెండు వేళ్ళు జరపడం. అదే చెయ్యి.

దొంగతనం చేసేవాళ్ళని చూశాను. వాళ్ళు తల దించుకుంటారు, కనీసం తప్పుకు తిరుగుతారు. దొంగిలించిన దానిలోంచి గరిటెడు పోసి, చల్లగా ఉందని మనచేత అనిపించుకునే మనిషిని చూస్తే నాకు కోపం రాదు. రోత పుడుతుంది.

రోత ఆయనతో ఆగితే బాగుండేది. ఏప్రిల్ చివరికి రెండో ఇంటాయన మోటారు పెట్టాడు. మేలో మూడూ నాలుగూ, జూన్లో అయిదూ ఆరూ. ఎవరిని అడిగినా ఒకటే మాట, అందరూ మానేస్తే నేనూ మానేస్తాను. ఒక మనిషి నోట పుట్టిన వాక్యం మూడు నెలల్లో ఆరిళ్ళకి పాకింది. పెరుగు తోడు కూడా అంత తొందరగా పాకదు.

జూలై మొదటి శుక్రవారం నేనూ పెట్టించాను. మోకాళ్ళు సహకరించట్లేదని, పై సందులోంచి మోసుకురాలేనని నాకు నేను చెప్పుకున్నాను. మోకాళ్ళ మాట నిజమే. మోటారుతో నాకు పడినవి తొమ్మిది బిందెలు. అందులో మొదటి రెండూ కాలవ వాసన. గొట్టం కాలవలోంచి పోతుంది, అతుకుల దగ్గర చిల్లులున్నాయి, ఏడు మోటార్లు ఒక్కసారి లాగితే కాలవనీళ్ళు కూడా లోపలికొస్తాయి. అవి పారబోస్తే మిగిలేవి ఏడు. ఏ మోటారూ లేనప్పుడు పడినవాటిలో సరిగ్గా సగం. నర్సమ్మకి ఏమీ పడేవి కావు.

మా మేడ మీద వాటాలో అద్దెకుంటూ ఎచ్చెర్లలో పాఠాలు చెప్పే ఆవిడకి ఈ లెక్క చూపించాను. దీనికొక శాస్త్రమే ఉందండీ అంది. ఇద్దరు దొంగల్ని వేరువేరు గదుల్లో పెట్టి అడుగుతారట. ఇద్దరూ నోరు మూసుకుంటే ఇద్దరికీ కొద్ది శిక్ష. కానీ అవతలివాడు చెప్పేస్తాడేమోనని ఇద్దరూ చెప్పేసి, ఇద్దరూ పెద్ద శిక్షకి పోతారట.

"వాళ్ళవి వేరువేరు గదులమ్మా. మావి ఉమ్మడి గోడలు. రోజూ మాట్లాడుకుంటాం" అన్నాను.

"అయితే మాట్లాడి చూడండి" అంది.

ఆగస్టు మూడో ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఎనిమిదిళ్ళవాళ్ళనీ మా అరుగు మీదకి పిలిచాను. అందరూ వచ్చారు. ఆయన బకెట్టుడు మజ్జిగ తెచ్చి, అందరికీ గ్లాసులతో పోసి, "సల్లగున్నాయా?" అని అడిగాడు. సోమవారం నుంచి ఏ ఇంట్లోనూ మోటారు వెయ్యకూడదన్నాను. ఒక్కరు వేసినా దాగదు, కుళాయి మూతికి వేలు పెడితే తెలిసిపోతుంది అన్నాను.

"టీచరమ్మ ఏలే మనకి మీటరన్నమాట" అన్నాడాయన. అందరూ నవ్వారు.

రెండో ఇంటాయన, "ముందు నువ్వు మాటియ్యి బావా. మొదలెట్టింది నువ్వు" అన్నాడు.

ఆయన మజ్జిగ గరిట కింద పెట్టి కుడిచెయ్యి ఎత్తాడు. "ఈ సేత్తో స్విచ్చి ఏస్తే నన్నడగండి."

మెట్టు మీద కూర్చున్న నర్సమ్మ, "ఆరు బిందిలు పడితే సాలు బావూ. పద్నాలుగు నాకొద్దు" అంది.

సోమవారం ఐదూ నలభైకి కుళాయి తిప్పాను. బొటనవేలంత ధార. పద్నాలుగు నింపి ఆరూ పదకొండుకి కట్టేశాను. మంగళవారమూ అంతే. బుధవారం నర్సమ్మ గిన్నెలో నాలుగు ఇడ్లీలు తెచ్చింది. "పద్నాలుగూ పడ్డాయమ్మా. ఎక్కడెట్టాలో తెలీక గిన్నెల్లోన, గలాసుల్లోన కూడా పట్టీసినాను" అంది. ఆమె అత్త ఆరు నెలల తరవాత తలంటు పోసుకుందట. ఆ మూడు రోజులూ బండి ఏడుకి ఐదు నిమిషాల ముందే కాంప్లెక్సు దగ్గరుంది. నేను వెళ్ళి చూసి వచ్చాను.

గురువారం ఐదూ యాభై ఎనిమిదికి కుళాయి నా వేలిని పీల్చింది.

ఈసారి పాటలు లేవు. ఆయన అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. గోనెల కింద మోటారు తిరుగుతోంది. గోడకి కొత్తగా గడియారంలాంటి చిన్న డబ్బా ఉంది.

"చెయ్యెత్తి మాటిచ్చావు."

"ఈ సెయ్యి ముట్టుకోలేదు టీచరమ్మా, ఒట్టు. టైమరెట్టించినాను. దానంతటదే ఏసుకుంతాది, దానంతటదే ఆగిపోతాది." నన్ను మెప్పించాలని నిజంగా ఆశపడుతున్నట్టు చెప్పాడు.

"మూడు రోజులు నీకు ఏం తక్కువైంది?"

"తక్కువేటీ అవలేదు."

"మరెందుకు?"

పేపరు మడిచాడు. మొదటిసారి ఆయన మొహంలో నవ్వు లేదు. "రేపో ఎల్లుండో ఎవడో ఒకడు ఏస్తాడు గదా. ఆడు ఏసేదాకా నేను ఆగితే ఎర్రోన్నయిపోతాను. నన్నెవరూ ఎర్రోడనకూడదు టీచరమ్మా. సిన్నప్పటినుంచీ నాకదే భయ్యం."

అంతకుముందు ఆయనది ఆశ అనుకున్నాను. ఆశకి ఎక్కడో ఒకచోట టాంకీ నిండుతుంది. ఎర్రివాడినవుతానేమోనన్న భయానికి నిండేది ఏదీ లేదు. పద్నాలుగు బిందెలూ పడుతున్నా, ఎవరూ మోసం చెయ్యకపోయినా, రేపు మోసపోతానేమోనని ఇవాళే మోసం చేసినవాడు. ఆ మనిషి కుండల దగ్గర మోచేతికింద చెయ్యి పెట్టుకుని నిలబడతాడు.

శుక్రవారానికి ఐదు మోటార్లు తిరిగాయి. నేను శనివారం దాకా ఆగాను. రెండు రోజులు ఎక్కువ ఆగడం గొప్ప కాదు. శనివారం పొద్దున్న మోటారు చప్పుడు విని నర్సమ్మ ఖాళీ బిందెతో మా గేటు దగ్గర నిలబడింది.

"అందరూ మానేస్తే నేనూ మానేస్తాను నర్సమ్మా" అన్నాను. ఆ వాక్యం నా నోటితో, నా గొంతుతో అన్నాను. 'ఓ బిందె తీసుకెళ్ళు' అని కూడా అన్నాను.

నర్సమ్మ, "మరి మీ యింటి ముందు కూడా కుండలెట్టించండి టీచరమ్మా" అని వెళ్ళిపోయింది. బిందె తీసుకోలేదు.

సెప్టెంబరు వానలకి కాలవ పొంగింది. సందులో ముగ్గురికి పచ్చకామెర్లు వచ్చాయి. ఒకరు నర్సమ్మ. నలభై రోజులు బండి ఆగింది. లేచి బండి మళ్ళీ తీసేసరికి కాంప్లెక్సు దగ్గర, కామెర్లు ఆ ఇడ్లీ నీళ్ళవల్లే అన్న మాట పాకిపోయింది. పెద్దబజార్లో ఆ మాట అన్నవాళ్ళలో ఆయనొకడు. నేను వెళ్ళి అడిగాను. ఎండాకాలం పోయినా ఇంటి గుమ్మం పక్కన ఒక కుండ ఉంచుకునేవాడు.

"బండికి మన నీళ్ళే అని రోజూ చాటింది నువ్వే కదా?"

"నీల్లు నాయే, కాదనలేదు. ఆల్ల గిన్నెలెలాగున్నాయో మనకేటి తెల్సు? నా కుండలు నేను రోజూ తోముతాను" అని గరిటెడు ముంచి నాకు అందించాడు. "సూడండి, ఎంత సల్లగున్నాయో."

నేను తాగలేదు. కుండలోకే వంచేసి వచ్చాను. చేతికి తగిలిన చల్లదనం మాత్రం నిజం.

దీపావళికి వారం ముందు నర్సమ్మ అత్తని తీసుకుని కొత్తవలసలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నా తోడు గిన్నె తిరిగి ఇచ్చింది. అందులో గుప్పెడు మినపగుళ్ళున్నాయి. "కాళీ గిన్నె ఇయ్యకూడదమ్మా" అంది. బండి ఏమైందని అడిగితే పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేశానంది. ఆ ఇంట్లోకి తరవాత ఎవరూ రాలేదు. నీళ్ళు లేని ఇల్లని పేరుపడింది.

పెద్దకర్మ భోజనాల దగ్గర రెండో ఇంటాయన నన్ను పట్టుకున్నాడు. "అందరికంటే పెద్దవోరు, బావ గురించి రెండు ముక్కలు సెప్పండి టీచరమ్మా." మైకు చేతిలో పెట్టారు. నాలుగేళ్ళుగా రాసుకున్న నోటుబుక్కు సంచిలో ఉంది. ఎదురుగా ఆయన భార్య కూర్చుని ఉంది. "ఆయన కుండల్లో నీళ్ళు చల్లగా ఉండేవి" అన్నాను. అంతే అన్నాను. చప్పట్లు కొట్టారు. నేను చెప్పింది అబద్ధం కాదు. లాగి, కొలిచి, రెండు వేళ్ళు ఎక్కువ ఇచ్చి వచ్చాను.

మర్నాడు పొద్దున్న ఐదున్నరకి కరెంటు పోయింది. ఐదూ నలభైకి నీళ్ళొచ్చాయి. ఏడు మోటార్లూ ఊరుకున్నాయి. మా కుళాయి బొటనవేలంత లావున పడింది. సందంతా బిందెల చప్పుడు. ఎవరింట్లో పద్నాలుగు నిండితే వాళ్ళు కట్టేశారు, చెప్పినవాళ్ళు లేకుండానే. కరెంటు లేని గంటసేపు మేమంతా మంచివాళ్ళం.

నేనూ కట్టేసి లోపలికి వెళ్ళబోతుంటే పక్కన నీళ్ళ చప్పుడు వినబడింది. నర్సమ్మ ఇంటి గేటుకి తాళం. పెరట్లో ఆమె ఎప్పుడో ఏమీ పడని రోజున తిప్పి వదిలేసిన కుళాయి, ఇన్నాళ్ళకి ధారగా పడుతోంది. గేటు పట్టుకుని నిలబడి గడియారం చూశాను. ఆరూ పన్నెండు నుంచి ఆరూ నలభై దాకా పడి ఆగింది. బిందెకి రెండు నిమిషాలు.

పోయినవి రాస్తున్నాను. ఒక కట్టు. ఒక ఇడ్లీ బండి. ముగ్గురి ఆరోగ్యం, ఒక్కొక్కరికి నలభై రోజులు. నా ఇంట్లో రోజుకి ఏడు బిందెలు. ఎనిమిదిళ్ళు కలిసి ఇచ్చి, మూడు రోజులు నిలబెట్టుకున్న ఒక మాట. ఇద్దరు మనుషులు, వాళ్ళు కొత్తవలసలో ఉన్నారు. ఆ ఒక్క పొద్దున్న, కట్టేవాళ్ళు లేక, కాలవలోకి పద్నాలుగు బిందెలు.